అరికాలితో గీత పట్టే మేస్త్రి

తాండూరులో బండల పాలిష్ పనికి కొత్తగా చేరే పిల్లలు నన్ను చూసి, "అవ్వా, నీ కాలంల బూట్లు ఇయ్యకపోదురా?" అని అడుగుతుంటారు. ఇచ్చేవారు కాదు. ఇచ్చినా మేం వేసుకునేవాళ్లం కాదు. ఎందుకు వేసుకునేవాళ్లం కాదో చెప్పాలంటే మా మేస్త్రి సంగతి చెప్పాలి. ఆయన ఇప్పుడు లేడు. నాకు చదువు లేదు, సంతకం ఒక్కటి వచ్చు. నేను చెబుతుంటే రాసిపెడుతున్నారు. మంచిగా ముగిసే కథ కోసం కూర్చున్నవాళ్లు ఇక్కడే లేచిపోవచ్చు, నేనేమీ అనుకోను.

నా మొగుడు గనిలో బండ కింద పడి పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లు నాకు అన్నం వండుకోవాలన్న సంగతి కూడా గుర్తుండేది కాదు. పని అడుగుదామని ఒక పాలిష్ యూనిట్ గేటు దగ్గర నిలబడ్డాను. లోపలి నుంచి ఒకాయన బీడీ కాలుస్తూ వచ్చాడు. లుంగీ మోకాళ్ల పైకి కట్టి ఉంది, కాళ్లకు చెప్పుల్లేవు.

"ఎవ్వరి మనిషివమ్మా?" అన్నాడు.

చెప్పాను. నా మొగుడి పేరు వినగానే బీడీ పారేశాడు. ఇంకేమీ అడగకుండా లోపలికి పోయి సేటుతో, "మా చెల్లె, బురద కడుగుతది" అన్నాడు.

"నీకు చెల్లె ఎప్పుడు పుట్టింది మేస్త్రీ?" అన్నాడు సేటు.

"గిప్పుడే పుట్టింది సేటు, గేటు కాడ."

అట్లా నేను ఆయనకు చెల్లెనయ్యాను. చచ్చేదాకా ఆయన నన్ను ఆ పిలుపుతోనే పిలిచాడు.

పని ఎట్లా ఉండేదో కొంచెం చెబుతాను, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. గని నుంచి వచ్చిన బండకు అంచులు కోసి పాలిష్ మిషను కింద పెడతారు. ఆ మిషను అడుగున గరుకు రాళ్లు బిగించి ఉంటాయి. ముందు ముతకవి, తర్వాత కొంచెం సన్నవి, ఆఖరుకు వేలికి మెత్తగా తగిలేవి. అవి మారుస్తూ, పైన నీళ్లు పోస్తూ తిప్పితే గరుకు బండ కాస్తా అద్దమవుతుంది. అరిగిన రాతిపొడి నీళ్లలో కలిసి బూడిద రంగు బురద అవుతుంది. ఆ బురద కడగడం నా పని. తడి మీద ఉన్నప్పుడే కడిగేయాలి. ఎండిందంటే సిమెంటులా పట్టేస్తుంది, ఎంత తోమినా మచ్చ పోదు.

మిగతా యూనిట్లలో బండను కంటితో చూసి లారీ ఎక్కించేవారు. మా దగ్గర మాత్రం అరికాలి పరీక్ష ఉండేది. కడిగి ఆరబెట్టిన బండలను షెడ్డులో వరసగా పరిచేవాళ్లం. మేస్త్రి కాళ్లు తుడుచుకొని, కళ్లు మూసుకొని, వాటి మీద మెల్లగా నడిచేవాడు. నడుస్తూ నడుస్తూ టక్కున ఆగేవాడు.

"ఈడ" అనేవాడు.

కొత్తలో నేను వంగి చూసేదాన్ని. "ఏముందన్న ఈడ? నాకేం కనవడతలేదు."

"నిలవడి జూస్తే ఏం కనవడతది? నీళ్లు పొయ్యి. వంగి, పక్క నించి వెలుతురుల చూడు."

చూస్తే ఉండేది. తలవెంట్రుక కన్నా సన్నటి గీత. మిషను రాయిలో ఏ రవ్వో ఇరుక్కొని గీసిన గీత. ఆ బండ మళ్లీ మిషను కిందికి పోవాల్సిందే. అందుకే మా సరుకుకు పేరు. అందుకే షెడ్డులో మాలో ఎవరం కాళ్లకు ఏమీ తొడుక్కునేవాళ్లం కాదు. పాలిష్ అయిన బండ మీద చెప్పుతో నడిస్తే మేస్త్రి చెయ్యెత్తేవాడు. మిషను నడిపే ఒకతను ఉండేవాడు, నోరు ఊరుకోదు వాడికి. "మేస్త్రీ, నీ కాళ్లకు కండ్లున్నయా ఏంది?" అనేవాడు.

"కండ్లే గాదు, చెవులు గూడ ఉన్నయిరా. నా ఎనుక నువ్వేమంటవో అన్ని ఇంటున్నయి."

ఆయన ఊరు బషీరాబాద్ దిక్కు. భార్య సరిహద్దు అవతలి మనిషి, గొర్రెల కాపరుల ఇంటి ఆడది. కోపం వస్తే కన్నడం, ప్రేమ వస్తే తెలుగు. నేను వదినా అనేదాన్ని. పిల్లల్లేరు. ఆయన పాదాలంటే ఆమెకు దేవుడి పటం కన్నా ఎక్కువ. వేడి నీళ్లతో కడిగి, కుసుమ నూనె రాసేది. "ఈ కాళ్లే మాకు పొలం" అనేది. నిజమే, మరి. మిషను నడిపేవాడికన్నా ఆయనకు కూలి ఎక్కువ, టీ వస్తే ముందు గ్లాసు ఆయనదే.

ఒకసారి దవాఖాన వాళ్లు యూనిట్‌కే వచ్చి అందరి వేళ్లు గుచ్చి చూశారు. మేస్త్రికి షుగర్ బాగా ఎక్కువ ఉందన్నారు. గోళీలిచ్చారు, బీడీ మానమన్నారు, మళ్లీ వచ్చి చూస్తామన్నారు. మేమంతా భయపడ్డాం. ఆయన భయపడలేదు. ఆయనకు అదొక పందెంలాగా తోచింది.

మళ్లీ వాళ్లొచ్చే ముందురోజు ఆయన అన్నం ముట్టలేదు. సల్ల తాగాడు. పొద్దున్నే లేచి పట్టాల పక్కన రైల్వే గేటు దాకా నడిచి వచ్చి వేలు ముందుకు చాపాడు. షుగర్ తక్కువే చూపించింది.

"చూస్తిరా!" అన్నాడు మా అందరి వైపు తిరిగి. "షుగర్ గాదు, దాని అయ్య గూడ నా జోలికి రాడు."

ఆ సంతోషంలో అందరికీ టీ చెప్పాడు, తన గ్లాసులో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేయించుకొని. ప్రతిసారీ అదే తంతు. వేలు గుచ్చే ముందురోజు పస్తు, గుచ్చిన తర్వాత పండుగ. గోళీలు కళ్లు తిరిగినప్పుడు వేసుకోవడానికని దాచిపెట్టుకున్నాడు. ఆయన ఒక్కడే కాదు, ఆయనను చూసి మా యూనిట్‌లో షుగర్ ఉన్నవాళ్లంతా అట్లాగే చేశారు. దవాఖాన వాళ్లు మమ్మల్ని మెచ్చుకొని పోయేవారు. మేం ఎవరిని మోసం చేస్తున్నామో ఎవరికీ తట్టలేదు.

ఏళ్లు గడిచాయి. ఒకరోజు ఆయన టీ కొట్టు నుంచి వస్తున్నాడు. నేను బయట గొట్టం పట్టుకొని నిలబడ్డాను.

"అన్నా, నీ రెండో చెప్పేది?"

ఆయన కిందికి చూసుకున్నాడు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. వెనక్కి తిరిగి చూస్తే దూరంగా, రోడ్డు మధ్యలో, ఆ రెండో చెప్పు ఒంటరిగా పడి ఉంది. దాని మీది నుంచి ఒక ఆటో కూడా పోయింది.

మేం పడీ పడీ నవ్వాం. మిషను అతను కడుపు పట్టుకొని, "మేస్త్రీ, గీత దొరకవడతవు గని చెప్పు దొరకవట్టవా?" అన్నాడు. ఆయన కూడా నవ్వాడు. కానీ చెప్పు తెచ్చుకోవడానికి పోయేటప్పుడు, ఒక్కో అడుగూ నేలకేసి గట్టిగా కొడుతూ నడవడం చూశాను. నేల ఉందో లేదో అడిగి చూసుకుంటున్నట్టు.

ఆ తర్వాత నాకు బండల మీద గీతలు కనబడడం మొదలైంది. ఆయన నడిచి, బాగుందని చెప్పి పోయిన బండల మీద. నేను మామూలుగా కడిగేదాన్ని, పక్క నుంచి వెలుతురు పడేది, గీత మెరిసేది. ఆ చూపు నేర్పింది ఆయనే కదా. మొదటిసారి పిలిచి చూపించాను.

"అది రాయిల ఉన్న నరం" అన్నాడు.

"నరం గాదన్న. గోరు ఆగుతుంది."

"నా కాలు చెప్తలేదు గద. నీ గోరు నా కాలు కన్న పెద్దదైందా?"

రెండోసారి చెప్పాను, మూడోసారి చెప్పాను. వినకపోతే ఆ బండను మిషను అతనికి సైగ చేసి మళ్లీ పాలిష్‌కు పెట్టించేదాన్ని. అన్నీ ఎక్కడ పట్టగలం? ఒక లోడు పోయి తిరిగి వచ్చింది. వికారాబాద్‌లో ఫంక్షన్ హాలు కట్టేవాళ్లు లైట్లు వేసి చూస్తే నేలంతా గీతలేనట. సేటు ఆ రోజు మాట్లాడిన మాటలు రాయించను. ఆఖరున అన్నది మాత్రం చెబుతాను.

"మేస్త్రీ, నీ కాలు మీద నమ్మకంతోని నేను కండ్లు మూసుకున్న. వచ్చే లోడుకు నలుగురి ముందట నడువు. నడువ రాకుంటే చెప్పు, వేరేటోన్ని చూసుకుంట."

"నడుస్త సేటు. ఫికర్ చెయ్యకు" అన్నాడు మేస్త్రి.

ఆ సాయంత్రం ఆయన అరిగిపోయిన గరుకు రాళ్లు కొన్ని చేతిసంచిలో వేసుకొని ఇంటికి పోతుంటే చూశాను. కొడవలి నూరుకోవడానికేమో అనుకున్నాను. మేమంతా తీసుకుపోయేవాళ్లమే.

ఆ లోడు రోజు రానే వచ్చింది. ఎండాకాలం. పొద్దున్నే బండలు కడిగి ఆరబెట్టాను. సేటు తానే నిలబడి వరస పరిపించాడు. మధ్యలో ఒక బండకు గీత ఉంది. అది సేటుకు తెలుసు, మిషను అతనికి తెలుసు, నాకు తెలుసు. మేస్త్రికి చెప్పకూడదని సేటు మా వైపు వేలు చూపించాడు. నేను మనసులో మొక్కుకున్నాను, ఆ అడుగు సరిగ్గా ఆ బండ మీద ఆగాలని.

మేస్త్రి బట్టబూట్లతో వచ్చాడు. ఆయన కాళ్లకు బూట్లు నేను చూడడం అదే మొదలు. మాకు వీపు పెట్టి కూర్చొని విప్పాడు. లేచాడు. కళ్లు మూసుకున్నాడు. మొదటి బండ మీద కాలు పెట్టాడు.

"ఇది సాఫ్" అన్నాడు.

రెండో బండ. "ఇది గూడ."

ఆయన వెనక, నీలం బండ మీద, ఎర్రటి పాదం అచ్చు పడి ఉంది. మడమ, అంచు, వేళ్లు, అన్నీ తీర్చి దిద్దినట్టు. రెండో బండ మీద ఇంకో అచ్చు. ఆయన నడుస్తూనే ఉన్నాడు. గీత ఉన్న బండ మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాడు, అటూ ఇటూ బరువు మార్చి చూశాడు. రక్తం ఆ గీతలోకి దిగి, గీత ఎర్రగా కనబడుతోంది. ఇప్పుడు గుడ్డివాడికి కూడా కనబడేంత.

"సాఫ్" అన్నాడు. ముఖంలో నవ్వు. "గిది అద్దం లెక్కుంది సేటు."

షెడ్డులో మిషన్లు కూడా ఆపేశారు.

"ఏందే, ఒక్కరు మాట్లాడ్తలేరు? తప్పు జెప్పిననా?" అన్నాడు, కళ్లు మూసుకొనే.

"అన్నా, కండ్లు తెరువు" అన్నాను.

తెరిచాడు. ముందు సేటును చూశాడు, తర్వాత నన్ను, తర్వాత నేలను. ఆ ఎర్రటి అచ్చుల వరసను మొదటి నుంచి ఆఖరు దాకా చూసి గాబరాగా, "అయ్యో, ఎవ్వలకు తాకిందిరా?" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఎట్లా ఉందో, దాన్ని రాయడానికి అక్షరాలున్నాయో లేదో నాకు తెలియదు.

తాండూరు దవాఖానలో కట్టు కట్టి, వికారాబాద్ పొమ్మన్నారు. నేనూ వదినా ఆయనను ప్యాసింజరు రైలెక్కించాం. కట్టు లోంచి వాసన వస్తోంది. ఎదురు సీటువాళ్లు లేచి పోయారు. వదిన కన్నడంలో తిట్టుకుంటూ ఏడుస్తోంది. ఆ తిట్లలోనే నాకు అసలు సంగతి తెలిసింది. సంచిలో తీసుకుపోయిన రాళ్లు కొడవలికి కాదు. రోజూ పెరట్లో కూర్చొని అరికాళ్లు రుద్దుకున్నాడట. ముందు ముతక రాయితో, తర్వాత సన్నదానితో, ఆఖరుకు మెత్తదానితో, మధ్యమధ్యలో నీళ్లు పోసుకుంటూ. బండకు ఎట్లా చేస్తారో అట్లా.

"చర్మం మందమైంది చెల్లె" అన్నాడు నా ముఖం చూసి. "ఇన్నేండ్లు రాయి మీద నడిచి నడిచి మందమైంది. మందం తీస్తే మల్ల తెలుస్తదనుకున్న. నొప్పి గూడ కాలే. నొప్పి కాకపోతే మంచిగ అరుగుతున్నదనుకున్న."

ఒక పాలిష్ మేస్త్రి తప్ప ఇంకెవరైనా అట్లా ఆలోచిస్తారా? ఆయనకు తెలిసిన విద్య అదొక్కటే. దాన్నే తన మీద ప్రయోగించుకున్నాడు.

వికారాబాద్ దవాఖానలో డాక్టరమ్మ వయసులో చిన్నదే. కట్టు విప్పి, మడమ లోపలి నుంచి ఒక రాతి పెచ్చు బయటికి తీసింది. అది ఎప్పుడు దిగిందో, పైన చర్మం ఎప్పుడు మూసుకుందో ఆయనకే తెలియదు. తర్వాత ఒక నైలాన్ దారం ముక్క తీసి, కళ్లు మూసుకోమంది. అరికాలి మీద దారం తగిలినప్పుడల్లా చెప్పమంది. పెట్టింది, తీసింది. ఇంకోచోట పెట్టింది, తీసింది. మేం చూస్తూనే ఉన్నాం. ఆయన కళ్లు మూసుకొని ఓపిగ్గా కూర్చున్నాడు. కాసేపాగి, "పెట్టుండ్రి మేడం, నేను రెడీ" అన్నాడు.

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది.

రక్తం తీసి మూడు నెలల పరీక్ష అని ఒకటి చేశారు. షుగర్ ఆకాశాన ఉందని చెప్పింది డాక్టరమ్మ. మేస్త్రి ఒప్పుకోలేదు. "ఎప్పుడు గుచ్చినా తక్కువనే వస్తది మేడం. నేను ఒకరోజు ముందు పస్తుంట."

"వేలు గుచ్చి చూసేది ఆ పూట ముచ్చట పెద్దాయనా. ఇది అట్ల కాదు. నెత్తురులున్న ఎర్ర కణాలకు తీపి అతుక్కుంటది. ఆ కణాలు ఉన్నన్ని రోజులు అది ఊడదు. అతుక్కున్నదెంతో కొలుస్తం. మీరు నిన్న తినకపోతే అది మర్చిపోదు."

"అంటే దొంగ దొరికిండు" అన్నాడు ఆయన. నవ్వడానికి చూశాడు.

వదిన అడిగింది, "షుగర్ నెత్తురుల ఉంటది గదమ్మా. కాలేం పాపం చేసింది?"

డాక్టరమ్మ ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుంది. విసుక్కోలేదు, ఆ మాట చెప్పుకోవాలి. "అమ్మా, జొన్నరొట్టె పెనం మీద వేస్తే ఎర్రగైతది గదా. పిండిల ఉన్న తీపి, దాంట్లనే ఉన్న మాంసకృత్తులు సెగకు అతుక్కొని ఆ రంగు వస్తది. మన ఒంట్ల పెనమంత వేడి లేదు. కాని నెత్తురుల తీపి ఏండ్లకేండ్లు ఎక్కువుంటే, సన్నసెగ మీద పెట్టినట్టు అదే పని మెల్లగ నడుస్తది. తీపి పోయి నరాలకు, రక్తం పారే గొట్టాల గోడలకు అతుక్కుంటది. మెత్తగ ఉండాల్సినయి బిరుసైతయి. రక్తం అందదు, నరం చచ్చిపోతది. అన్నిటికన్న పొడుగు నరాలు పాదాలకు పోయేటివి. అందుకే ముందు ఆడ మొదలైతది."

"కడిగితే పోదా?" అని నేను అడిగాను. నాకు తెలిసింది కడగడమే కదా.

"కొత్తగ అంటుకున్నది, షుగర్ దించితే విడిపోతది. పాతబడి గట్టిపడ్డది పోదు."

నాకు ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎండిన బురద ఎట్లాంటిదో నా గోళ్లకు తెలుసు.

ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది. మనం పీల్చే గాలితోనే ఒంట్లో తుప్పులాంటిది పుడుతుందట. దాన్ని తుడిచే పని కూడా ఒళ్లే చేసుకుంటుందట. షుగర్ ఎక్కువైనప్పుడు తుప్పు పుట్టడం పెరుగుతుంది, తుడిచే బలం తగ్గుతుంది. అతుక్కున్న తీపి తుప్పును పెంచుతుంది, తుప్పు ఉన్నకొద్దీ తీపి ఇంకా అతుక్కుంటుంది. బీడీ పొగ ఆ మంటలో ఆజ్యం. మేస్త్రి ఇదంతా విని ఒకటే ప్రశ్న అడిగాడు.

"తుప్పు పట్టిన ఇనుమును గీకి నూనె పెడితే మల్ల పని చేస్తది మేడం. నా కాలుకు ఎరుక ఎప్పుడు వస్తది?"

"ఉన్నది పోకుండ చూసుకుందాం" అందామె.

"పోయింది?"

ఆమె ఆయన పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకొని కూర్చుంది. ఆ పట్టుకోవడం ఆయనకు తెలియలేదు. జవాబు కోసం ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

ముందు వేళ్లు తీశారు. పుండు పైకి పాకింది. మోకాలి కింద దాకా తీసేశారు. సేటు ఒకసారి వచ్చి బత్తాయిలు ఇచ్చి, "కూసునే పనిస్త మేస్త్రీ, లేచి రా" అన్నాడు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కానీ బయటికి పోయాక మర్చిపోయాడు.

యూనిట్‌లో నేనింకా కొన్నాళ్లు చేశాను. సేటు ఒక పొడుగు లైటు కొన్నాడు. దాన్ని పక్క నుంచి బండ మీదికి పెడితే ఎంత సన్న గీతయినా కనబడుతుంది. ఎవరైనా పట్టుకోవచ్చు, నిన్న చేరినవాడైనా సరే. అంతే. ఒక మనిషి బతుకంతా కూడబెట్టుకున్న విద్యను ఆ లైటు ఒక్క పూటలో తీసుకుంది. లోడు తిరిగి రావడం ఆగిపోయింది. ఎవరూ ఆయన గురించి అడగలేదు. బూట్లు కూడా ఇచ్చారు. మా వాళ్లు కొన్నాళ్లు వేసుకొని, ఉక్కపోస్తోందని మూలకు పడేశారు. నేను మాత్రం వేసుకున్నాను. నాకూ షుగర్ ఉందని అప్పటికే తేలింది. గోళీలు వేసుకుంటాను, పొద్దునా సాయంత్రం అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. నా పక్క పని చేసిన ఆడవాళ్లకు చెప్పాను, కూలి దొరికే చోటల్లా చెప్పాను. "అవ్వకు భయం పట్టింది" అన్నారు. వేలు గుచ్చేవాళ్లు వస్తున్నారంటే ఇప్పటికీ ముందురోజు పస్తుండేవాళ్లున్నారు. పిల్లలూ, మీలో కూడా ఉన్నారని నాకు తెలుసు. నేను చెప్పడం వల్ల ఒక్కరైనా మారతారని నాకు నమ్మకం లేదు. అయినా చెబుతున్నాను, ఊరికే కూర్చోలేక.

వానలు పడ్డాక ఒకసారి షేరింగ్ ఆటో ఎక్కి ఆయన ఊరికి పోయాను. వదిన గడపలోనే ఎదురొచ్చి, గొంతు తగ్గించి, "రెండో కాలుకు గూడ అయింది చెల్లె. బొటనవేలు నల్లవడ్డది. దవాఖానకు నడువమంటే రాడు. సూది వద్దంటున్నడు, గోళీలు బయట పారేస్తున్నడు. నువ్వన్న చెప్పు, నీ మాట ఇంటడు" అంది.

లోపల ఆయన మంచం మీద గోడకు ఒరిగి కూర్చున్నాడు. సగమైపోయాడు. నన్ను చూడగానే ముఖం వెలిగింది.

"రా చెల్లె, రా. నీకే చెప్దామని చూస్తున్న. వచ్చిందే."

"ఏం వచ్చిందన్నా?"

"ఎరుక. కాలుకు ఎరుక వచ్చింది."

నేను నల్లబడ్డ పాదం వైపు చూశాను.

"అది గాదు. తీసేసిన కాలు" అన్నాడు. మోకాలి కింద, దుప్పటి చదునుగా పడి ఉన్న చోట చెయ్యి పెట్టి చూపించాడు. "అరికాలు అంత మండుతుంది. నిప్పుల మీద పెట్టినట్టు. బొటనవేలు గుంజుతుంది, మడిమె దురద పెడుతుంది. ఏండ్లాయె చెల్లె, నాకు ఇట్ల తెలువక! మండుతుంటే ఏడుపొస్తది, మల్ల సంబురమైతది."

వదిన గుమ్మంలో నిలబడి వింటోంది.

"అన్నా, ఆ కాలు లేదు" అన్నాను.

"లేదని నాకెరుక లేదా? జర ఆగితే వస్తుండె గద! తొందరవడ్డరు. మేడం పోయింది రాదన్నది. వచ్చింది గద! కోసి పారేసినంక వచ్చింది. ఇగ ఈ కాలు ఇయ్యను. ఇది గూడ జర ఆగితే దానంతట అదే వస్తది. నేను సూదులేసుకోను, కోయనియ్యను. గట్టిగ చెప్పిన మీ వదినకు."

"అది ఉత్తదే అన్నా. కోసిన నరం మెదడుకు అట్ల చెప్తదంట. వికారాబాద్‌ల పక్క మంచమాయన గూడ గట్లనే అనకపోయెనా? నడువన్నా, నీ కాళ్లు మొక్కుత. రేపు పొద్దున బండికే పోదాం."

"నా కాలు నాకు అబద్ధం చెప్పదు" అన్నాడు.

నేను మంచం చివర కూర్చున్నాను. ఆయన ఆ మంట ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో, ఏ వేలి దగ్గర ఎక్కువో, ఏ గంటకు తగ్గుతుందో చెబుతున్నాడు. పోయిన మనిషి తిరిగొస్తే చెప్పుకున్నట్టు చెబుతున్నాడు. నా చెయ్యి పక్కనే ఉన్న రెండో పాదాన్ని పట్టుకుంది. ఆ నల్ల బొటనవేలి పైన, ఇంకా చర్మం రంగు మిగిలి ఉన్న చోట, నా బలమంతా పెట్టి నొక్కాను. నొక్కుతూ ఆయన ముఖం చూశాను. ఆయన లేని కాలి గురించే చెబుతూ ఉన్నాడు.